పథకం ఊరిలో ఎవరికి చేరిందో పరిశోధించడం ఎలా: ఉమ్మడి వరంగల్ జిల్లా కౌలు రైతుల ఉదాహరణతో

ఎం.ఏ. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసమో, పీహెచ్‌డీ కోసమో ఒక ప్రభుత్వ పథకంపై క్షేత్ర పరిశోధన చేయాలనుకుంటున్న విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటూ, సెలవు రోజుల్లో బస్సెక్కి ఊళ్లకు వెళ్లి వచ్చేవారు, పెద్ద నిధులేమీ లేకుండా సొంత ఖర్చుతో పని చేసేవారు నా దృష్టిలో ఉన్నారు. ఎకరానికి ఇంతని తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పంట పెట్టుబడి సాయం (మొదట రైతుబంధు, తర్వాత రైతు భరోసా) కౌలు రైతుకు చేరుతోందా అన్న అంశాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మీ అంశం పింఛన్లు కావచ్చు, అంగన్‌వాడీలు కావచ్చు, ఉపాధి హామీ పనులు కావచ్చు. పని జరిగే క్రమం పెద్దగా మారదు.

ప్రశ్నను కుదించుకోవడం

"రైతుబంధు పథకం అమలు: ఒక అధ్యయనం" అన్నది శీర్షిక మాత్రమే, అందులో ప్రశ్న లేదు. దానితో ఊరికి వెళితే ఏం అడగాలో తెలియక అన్నీ అడుగుతారు, చివరికి మూడు వందల ఫారాలు నిండినా చెప్పడానికి ఒక్క మాట మిగలదు. ప్రశ్న ఎలా ఉండాలంటే, దానికి వచ్చే జవాబు మీ అంచనాను తప్పని తేల్చగలిగేలా ఉండాలి. ఉదాహరణకు ఇలా రాసుకోండి: "ఈ ఊరిలో గత వానాకాలం సాగైన ప్రతి వంద ఎకరాల్లో, ఎన్ని ఎకరాలకు వచ్చిన పెట్టుబడి సాయం ఆ భూమిని స్వయంగా సాగు చేసిన కుటుంబం చేతికి అందింది?" ఇందులో ఊరు ఉంది, సీజన్ ఉంది, కొలత ఉంది. నలభై ఎకరాలని తేలవచ్చు, తొంభై అని తేలవచ్చు. ఏది తేలినా అది ఒక జవాబే.

ప్రశ్న రాసుకున్న రోజే మీ గైడుకు చూపించండి. ఆ తర్వాత వ్యవసాయం చేసే మీ బంధువుల్లో ఒకరికి చదివి వినిపించండి. ఆయనకు అర్థం కాకపోతే ఆ ప్రశ్న ఇంకా తయారు కాలేదని నా అభిప్రాయం.

చట్టాన్ని, ఉత్తర్వును మీరే చదవడం

చాలామంది ఈ మెట్టును పత్రికల కథనాలతో దాటేస్తారు. ప్రభుత్వ ఉత్తర్వు మూల ప్రతిని దగ్గర పెట్టుకుని, అందులో అర్హుడిగా ఎవరిని నిర్వచించారో ఆ వాక్యాన్ని మీ నోటు పుస్తకంలో యథాతథంగా రాసుకోండి. రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో ప్రారంభమైంది. మొదట ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు, 2019 వానాకాలం నుంచి 5,000 రూపాయలు ఇచ్చారు. దాని స్థానంలో 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసాలో ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయలుగా నిర్ణయించారు. రైతుబంధులో డబ్బు పట్టాదారు పాసుపుస్తకాన్ని బట్టే వెళ్లింది, పొలంలో నాగలి పట్టిన మనిషిని బట్టి వెళ్లలేదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా, 18 నుంచి 59 ఏళ్ల రైతు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే పథకం, పాసుపుస్తకం పైనే ఆధారపడింది.

ఇదే రాష్ట్రంలో 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కూడా ఉంది. దాని ప్రకారం కౌలు రైతుకు రెవెన్యూ శాఖ ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. అంటే ఒకే మనిషిని ఒక చట్టం సాగుదారుగా గుర్తిస్తుంది, ఒక పథకం అసలు చూడదు. మీ పరిశోధనకు బలం ఇక్కడే ఉంది. ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీసి పథకం పేరు, అర్హత నిర్వచనం, అర్హతకు ఆధారమైన పత్రం, అమలులోకి వచ్చిన తేదీ రాసి గోడకు అంటించుకోండి. పరిశోధన పూర్తయ్యేదాకా అది మీ కళ్ల ముందుండాలి.

భూమి రికార్డు చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలి. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు (భూమిని నిజంగా సాగు చేస్తున్నవారికి) వేరొక గడి ఉండేవి. 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది, 2020 అక్టోబరు 29న ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది, ఆ క్రమంలో అనుభవదారు గడి రికార్డులోంచి పోయింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. మీరు ఏ ఊరిలోనైనా పెద్దమనుషులను "కౌలు కాగితం ఎందుకు రాసుకోరు?" అని అడిగితే, జవాబు వీటన్నిటికన్నా వెనక్కి, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం దాకా వెళుతుంది. ఆ చట్టం రక్షిత కౌలుదారుకు భూమిపై హక్కు ఇచ్చింది. "పేరు రాస్తే భూమి పోతది" అన్న భయం భూయజమానుల ఇళ్లలో మూడు తరాలుగా నడుస్తూ వచ్చింది, అందుకే కౌలు నోటి మాటగానే ఉంటుంది, చాలాచోట్ల ఏటా మనిషి మారుతుంటాడు. ఈ సంగతి తెలియకుండా వెళ్లిన పరిశోధకుడు భూయజమాని మౌనాన్ని మొండితనం అని రాసుకుని వస్తాడు.

ఉన్న లెక్కలను అనుమానంతో చదవడం

ఊరికి వెళ్లే ముందు అందుబాటులో ఉన్న గణాంకాలు చూడాలి. మన ప్రాంతంలో మొదటి చిక్కు జిల్లా సరిహద్దులతోనే వస్తుంది. 2011 జనగణనలో 35 లక్షల జనాభాతో కనిపించే వరంగల్ జిల్లా ఇప్పుడు లేదు. 2016 అక్టోబరు 11న అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది, కొన్ని మండలాలు ఇతర జిల్లాల్లోకి వెళ్లాయి, కరీంనగర్ వైపు నుంచి కొన్ని వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరైంది. 2021లో అర్బన్, రూరల్ పేర్లు హనుమకొండ, వరంగల్‌గా మారాయి. కాబట్టి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీకు "వరంగల్ అర్బన్" కనిపిస్తుంది, ములుగు విడిగా కనిపించదు. రెండు వేర్వేరు సంవత్సరాల "వరంగల్" అంకెలను పక్కపక్కన పెట్టి "పెరిగింది", "తగ్గింది" అని రాసిన సిద్ధాంత గ్రంథాలు నేను చూశాను. ఆ పోలికకు అర్థం లేదు. మండలాల వారీగా అంకెలు తీసుకుని, కొత్త సరిహద్దుల ప్రకారం మీరే కూడుకోండి.

ఊరి స్థాయిలో మరో చిక్కు ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఎన్నో తండాలు విడి గ్రామ పంచాయతీలయ్యాయి. మహబూబాబాద్ జిల్లాలో మీరు ఎంచుకున్న తండాకు 2011 జనగణనలో విడి లెక్క ఉండకపోవచ్చు. దాని జనం తల్లి గ్రామం అంకెల్లో కలిసి ఉంటారు.

నిర్వచనాల సంగతి ఇంకా ముఖ్యం. జనగణనలో "సాగుదారు" అంటే సొంత భూమి దున్నేవారితో పాటు, డబ్బుకో, గింజలకో, పాలుకో (పంటలో వాటాకో) ఇతరుల భూమి దున్నేవారు కూడా. అందువల్ల జనగణన నుంచి కౌలు రైతుల సంఖ్య తీయడం సాధ్యం కాదు. 2019లో జాతీయ నమూనా సర్వే వ్యవసాయ కుటుంబాల స్థితిగతులపై జరిపిన అధ్యయనంలో తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది. అది ఉపయోగపడే అంకే గాని, అక్కడ "వ్యవసాయ కుటుంబం" అంటే గడిచిన 365 రోజుల్లో 4,000 రూపాయలకు మించిన పంట లేదా పశు ఉత్పత్తి ఉండి, కనీసం ఒక్కరైనా సొంతంగా వ్యవసాయం చేసే కుటుంబమని మీరు పక్కనే రాయాలి. ప్రతి అంకె పక్కన దాని నిర్వచనం రాసే అలవాటు మొదటి వారంలోనే చేసుకోండి.

గతంలో ఇదే అంశంపై ఎవరు పని చేశారో తెలుసుకోవడానికి శోధ్‌గంగలో వెతకండి. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ప్రచురణలు, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రంథాలయం కూడా రెండు రోజులు కేటాయించి చూడదగినవి.

ఊళ్లను ఎంచుకోవడం

మీ సొంత మండలంలో తెలిసిన ఊళ్లు తీసుకోవడం సులువు, అందులో తప్పు లేదు, కాని ఎందుకు తీసుకున్నారో ఒక కారణం ఉండాలి. కౌలు స్వభావం నీటిని బట్టి మారుతుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరి పండే ఊరిలో కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ఉంటుంది. బోరు కింద పత్తి, మిర్చి వేసే మెట్ట ఊరిలో ఎకరానికి ఇంత డబ్బని ఉంటుంది, అది కూడా చాలాసార్లు పంటకు ముందే కట్టాలి. పాకాల, రామప్ప వంటి చెరువుల కింద ఇంకో రకం. నాలుగు ఊళ్లే చేయగలరనుకుంటే, ఒకటి కాలువ కింద, ఒకటి చెరువు కింద, ఒకటి బోర్ల మీద బతికే మెట్ట ఊరు, ఒకటి ఏజెన్సీ ఊరు తీసుకోండి.

ఏజెన్సీ ఊరి విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ములుగు, ఏటూరునాగారం వైపు షెడ్యూల్డు ప్రాంతాల్లో భూబదలాయింపు నియంత్రణ చట్టం, జనం నోట్లో "వన్ ఆఫ్ సెవెంటీ", గిరిజనేతరులకు భూమి బదలాయించడాన్ని నిషేధిస్తుంది, కౌలు కూడా ఆ బదలాయింపులోకే వస్తుంది. అక్కడ మీరు "ఎవరికి కౌలుకిచ్చారు?" అని పేరుతో సహా రాసుకుంటే, ఆ కాగితం రేపు ఒక గిరిజన కుటుంబాన్నో, వారి దగ్గర భూమి చేసుకుంటున్న మరో పేద కుటుంబాన్నో చిక్కుల్లో పడేస్తుంది. పేర్లు రాయకండి, సర్వే నంబర్లు అసలే రాయకండి. ఇంటికి ఒక సంకేత సంఖ్య ఇచ్చి, ఆ సంకేతాల చిట్టాను వేరే చోట ఉంచి, పని అయిపోగానే దాన్ని నాశనం చేయండి.

జాబితా మీరే తయారు చేసుకోవడం

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. లబ్ధిదారుల జాబితా నుంచి నమూనా తీయకండి.

నేను నా మొదటి అధ్యయనంలో ఆ పనే చేశాను. ఒక కార్యాలయంలో లబ్ధిదారుల జాబితా నకలు దొరికితే ఎంతో సంబరపడి, అందులోంచి లాటరీ పద్ధతిలో అరవై పేర్లు తీసి, వరుసగా ఇంటింటికీ తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం పత్తి చేను గట్టు మీద ఒక పట్టాదారుతో మాట్లాడుతున్నాను. సాళ్ల మధ్య ఒడిలో పత్తి ఏరుకుంటున్న ఒక అవ్వ నడుం ఎత్తి, "పైసలు వచ్చినోళ్లనే అడుగుతున్నవు గని, రానోళ్లను అడుగవా బిడ్డా?" అన్నది. ఆ చేను ఆమె కుటుంబమే కౌలుకు చేస్తోంది. నా జాబితాలో ఆమె లేదు, ఉండే వీలు కూడా లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళితే ఆమె కొడుకు బడి పిల్లల రూళ్ల నోటు పుస్తకం ఒకటి తీసి చూపించాడు. కౌలు డబ్బు, విత్తనాల ప్యాకెట్లు, ఎరువు బస్తాలు, అడితిదారు (పంట కొనే కమీషన్ వ్యాపారి) దగ్గర తెచ్చిన బాకీ, దాని మీద మిత్తి, అన్నీ పెన్సిలుతో తేదీల వారీగా ఉన్నాయి. పుట మడతల్లో పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. నా అరవై ఫారాల్లో ఎక్కడా లేని లెక్క ఆ ఒక్క పుస్తకంలో ఉంది. ఫారాలన్నీ పక్కన పెట్టి పని మళ్లీ మొదలుపెట్టాను. నాలుగు నెలలు పోయాయి, అందుకు ఈనాటికీ నాకు విచారం లేదు.

కాబట్టి ఊరికి వెళ్లిన మొదటి రెండు మూడు రోజులు ప్రశ్నావళి బయటికి తీయకండి. ఊరి ఒక కొస నుంచి, అంటే ఎస్సీ వాడ నుంచో, తండా నుంచో మొదలుపెట్టి ఇంటింటి జాబితా రాయండి. నడిబొడ్డు నుంచి మొదలుపెడితే చివరి వాడలకు చేరేసరికి పొద్దుగూకుతుంది, ఆ ఇళ్లు మీ జాబితాలో తగ్గిపోతాయి. ప్రతి ఇంట్లో నాలుగే మాటలు అడగండి: గత వానాకాలం మీరు మొత్తం ఎంత భూమి చేశారు, అందులో మీ పేరున ఎంత, కౌలుకో పాలుకో తీసుకున్నది ఎంత, మీ భూమి ఇంకొకరికి ఇచ్చింది ఎంత. జాబితా పూర్తయ్యాక ఊళ్లోని ఇళ్లను సొంత భూమి మాత్రమే చేసేవారు, సొంతంతో పాటు కౌలు చేసేవారు, కౌలు మాత్రమే చేసేవారు, భూమి ఉన్నా స్వయంగా చేయనివారు, భూమి లేని కూలీలు అని విడగొట్టండి. ఒక్కో గుంపు నుంచి విడిగా నమూనా తీయండి. ఒక గుంపులో 60 ఇళ్లు ఉండి మీకు 20 కావాలంటే, ఒకటి నుంచి మూడు లోపు ఒక సంఖ్యను చీటీ వేసి తీసి, అక్కడి నుంచి ప్రతి మూడో ఇల్లు తీసుకోవాలి. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటికి వెళ్లకండి. మరో రెండు సార్లు వెళ్లండి. కౌలు చేసేవారి ఇళ్లే పగటి పూట ఎక్కువగా తాళం వేసి ఉంటాయి.

నమూనా ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. నమూనా పరిమాణం లెక్కకట్టే యమానే సూత్రంలో అంకెలు వేసి 286 అనో, 400 అనో రాసుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయింది. నూరు ఇళ్ల నమూనాలో 50 శాతం అని తేలిన అంకె దాదాపు 10 శాతం పాయింట్లు అటూ ఇటూ ఉండవచ్చని తెలిసి, ఆ మాట గ్రంథంలో రాస్తే చాలు. జాగ్రత్తగా చేసిన 120 ఇళ్లు, హడావిడిగా చేసిన 400 ఇళ్ల కన్నా మేలు.

ప్రశ్నావళి, మాట

"మీ వార్షిక ఆదాయం ఎంత?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. రైతు ఏడాదిని ఆదాయంగా చూడడు. పంటగా, బస్తాగా, బాకీగా చూస్తాడు. ప్రశ్నను ఆయన లెక్కలోకి దించండి. ముందు ఏ చెల్కలో ఎన్ని గుంటలు ఏ పంట వేశారు, తర్వాత ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, ఎవరికి అమ్మారు, ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లారా లేక ఊళ్లోనే అడితిదారుకు ఇచ్చారా, ధర ఎంత పలికింది, చేతికి ఎంత ఇచ్చి బాకీ కింద ఎంత పట్టుకున్నారు అని వరుసగా అడగండి. గుంటల్లో రాసుకుని, నలభై గుంటలు ఎకరంగా మీరు రాత్రికి లెక్క కట్టుకోండి. వడ్డీ విషయంలో "రెండు రూపాయల మిత్తి" అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. దీన్ని రెండు శాతంగా రాసి పట్టికలు కట్టినవారు ఉన్నారు.

ప్రశ్నావళిని ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చే పద్ధతి మానుకోండి. మొదటే తెలుగులో, ఊరి మాటలో రాయండి. "లీజు" అంటే నవ్వుతారు, "కౌలు" అంటే చెబుతారు, కొన్ని ఊళ్లలో "పాలు" అంటేనే చెబుతారు. మీ నమూనాలో లేని ఊరిలో పది ఇళ్లలో ముందుగా పరీక్షించి చూడండి. ఏ ప్రశ్న దగ్గర మనిషి మీ ముఖం వైపు చూసి ఆగిపోయారో, ఆ ప్రశ్న మార్చాలి. కులం, అప్పు వంటి ప్రశ్నలు చివరికి పెట్టండి. ప్రశ్నావళి మొత్తం నలభై నిమిషాలు దాటకూడదు.

ఇంటి ముందు కూర్చున్నప్పుడు

సమయం ఎంపికే సగం పని. అక్టోబరు నుంచి పత్తి ఏరుడు, జనవరి నుంచి మార్చి దాకా మిర్చి ఏరుడు. ఆ రోజుల్లో పగలు ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. ఉగాది దాటాక, ఏప్రిల్, మే నెలల్లో కౌలు మాటలు మళ్లీ మాట్లాడుకునే కాలం వస్తుంది. గత ఏడాది లెక్క అప్పుడు అందరికీ నోటి మీద ఉంటుంది. ఎండ ఉంటుంది కాబట్టి పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్లీ రాత్రి భోజనాల ముందు వెళ్లండి.

సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని కలిసి వచ్చిన పని చెప్పడం మర్యాద, కాని వారిని వెంటబెట్టుకుని ఇళ్లకు వెళ్లకండి. ఊళ్లో పెద్ద భూమి ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని కౌలు రైతును అక్కడికి పిలిపించుకోవడం అంతకన్నా పొరపాటు. ఆయన ఇంటికే వెళ్లి, "అన్నా", "అక్కా", "బాపు", "అవ్వా" అని వయసుకు తగ్గట్టు పిలిచి, మీరు ఎవరో, ఎక్కడ చదువుతున్నారో, ఈ వివరాలతో ఏం చేస్తారో రెండు నిమిషాలు చెప్పండి. "దీంతో మాకు పైసలొస్తయా?" అని కచ్చితంగా అడుగుతారు. రావని స్పష్టంగా చెప్పండి. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని కూడా చెప్పండి. ఆ మాట చెప్పాక చాలామంది ఇంకా ఎక్కువే చెబుతారు, ఇది నా అనుభవం.

ఆడవాళ్ల మాట విడిగా వినాలి. భర్త పక్కన ఉంటే ఆయనే చెబుతాడు. ఆమె చేను పని రోజుల లెక్క, మహిళా సంఘంలో తీసుకున్న అప్పు లెక్క ఆయనకు సరిగ్గా తెలియదు. భర్త పోయిన తర్వాత కౌలు వ్యవసాయం నడుపుతున్న స్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వారిని ఊరు కూడా "కూలీ" అనే అంటుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిని పురుగు తినేసి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది తర్వాత చేనును భుజాన వేసుకున్న ఆడవాళ్లు ఇప్పుడు అవ్వలై ఉన్నారు. అటువంటి ఇంట్లో ఫారం పక్కన పెట్టి, ముందు ఆమె చెప్పేది వినండి. మరణం గురించి మీరుగా అడగకండి.

భూయజమానులను కూడా కలవాలి. వారిలో చాలామంది హనుమకొండలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు, దసరాకు, బతుకమ్మకు ఊరికి వస్తారు. పెట్టుబడి సాయం అందాక కౌలు రేటు తగ్గించారా, పెంచారా, సాయంలో కొంత కౌలు రైతుకు ఇచ్చారా అన్నది ఇద్దరినీ విడివిడిగా అడిగితేనే తెలుస్తుంది. ఇచ్చినవారు కూడా ఉంటారు. వారిని వదిలేస్తే మీ పరిశోధన పక్షపాతంగా మారుతుంది.

కార్యాలయాల నుంచి సమాచారం

వ్యవసాయ విస్తరణ అధికారి ప్రతి సీజన్‌లో పంట నమోదు చేస్తారు. ఏ సర్వే నంబర్‌లో ఏ పంట ఉందో ఆ నమోదులో ఉంటుంది. దాదాపు ఐదు వేల ఎకరాలకు ఒక అధికారి ఉంటారు కాబట్టి, రైతు వేదిక దగ్గర నెమ్మదిగా మాట్లాడితే క్షేత్రంలో తనకు కనిపించేది చెబుతారు. రాతపూర్వకంగా కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి, అక్కడా దొరకకపోతే తొంభై రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తు రాయడంలో ఒక కిటుకు ఉంది. "కౌలు రైతులకు కార్డులు ఎందుకు ఇవ్వలేదు?" అని రాస్తే, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపవచ్చు. "ఫలానా సంవత్సరంలో ఈ మండలంలో 2011 చట్టం కింద వచ్చిన దరఖాస్తుల సంఖ్య, ఇచ్చిన రుణ అర్హత కార్డుల సంఖ్య, గ్రామాల వారీ రిజిస్టరు నకలు ఇవ్వగలరు" అని రాయండి. ఉన్న కాగితం అడగాలి, అభిప్రాయం అడగకూడదు. ఈ దరఖాస్తును ఊళ్లకు వెళ్లడానికి రెండు నెలల ముందే వేయండి.

రాత్రి పని, లెక్క

ఏ రోజు ఫారాలు ఆ రోజు రాత్రే చదవాలి. తెల్లారితే మనిషి ముఖం, గొంతు మరిచిపోతారు, ఖాళీగా వదిలిన గడి ఎందుకు వదిలారో గుర్తుండదు. అనుమానం ఉన్నచోట మరునాడే మళ్లీ వెళ్లి అడగండి. ఫోనులో కోబో వంటి ఉచిత యాప్‌లు సిగ్నల్ లేనిచోట కూడా పని చేస్తాయి, కాని కాగితం ఫారం అంచున రాసుకునే రెండు మాటలకు యాప్‌లో చోటుండదు. అందుకే చిన్న నోటు పుస్తకం తప్పకుండా పెట్టుకోండి.

లెక్క కట్టేటప్పుడు ఇళ్ల శాతం, ఎకరాల శాతం రెండూ చూపండి. ఊహించి చెబుతున్నాను: ఒక ఊళ్లో 10 ఇళ్లు ఉన్నాయనుకోండి. ఆరుగురు తలా రెండెకరాల సొంత భూమి చేసి సాయం పొందారు. నలుగురు తలా ఆరెకరాలు కౌలుకు చేసి ఏమీ పొందలేదు. ఇళ్ల ప్రకారం 60 శాతానికి అందింది. భూమి ప్రకారం 36 ఎకరాల్లో 12 ఎకరాలకే, అంటే మూడో వంతుకే, సాయం సాగుదారు చేతికి చేరింది. రెండూ నిజమే, మీ ప్రశ్నకు జవాబు మాత్రం రెండోది. ఒక్కో గుంపు నుంచి విడిగా నమూనా తీశారు కాబట్టి, ఊరి మొత్తానికి అంకె చెప్పేటప్పుడు ప్రతి గుంపుకూ ఊళ్లో దానికున్న వాటా ప్రకారం బరువు (వెయిటేజీ) ఇవ్వడం మరవకండి. కంప్యూటర్‌లో బొత్తాం నొక్కితే వచ్చే పరీక్షలన్నీ పట్టికల కింద అంటించనవసరం లేదు. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబో ఒక వాక్యంలో చెప్పలేకపోతే దాన్ని తీసేయండి.

రాయడం, తిరిగి వెళ్లడం

సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయం రాయడంతో మొదలుపెట్టకండి. క్షేత్రంలో మీకు దొరికిన అధ్యాయమే ముందు రాయండి, మిగతావి దాని చుట్టూ చేరతాయి. ఇతరుల వాక్యాలు ఎత్తి రాయడం గురించి యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: 10 శాతం దాటిన పోలికకు చర్య ఉంటుంది, శాతం పెరిగే కొద్దీ శిక్ష పెరుగుతుంది. వ్యాసం అచ్చు కోసం డబ్బు అడిగే పత్రికలకు పంపకండి. గుర్తింపు ఉన్న పత్రికలను చూపే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తివేశారు కాబట్టి, మంచి పత్రికను గుర్తించే బాధ్యత ఇప్పుడు మీది, మీ శాఖది.

గ్రంథం సమర్పించిన నెలలోపే నాలుగు పుటల తెలుగు సారాంశం రాయండి. అందులో పేర్లు, ఇంటి గుర్తులు ఉండకూడదు, ఊరి అంకెలు మాత్రం ఉండాలి. ఒక ప్రతి మండల వ్యవసాయ అధికారికి, ఒకటి తహసీల్దారుకు, ఒకటి జిల్లా కలెక్టరేట్‌కు రసీదు తీసుకుని ఇవ్వండి. తర్వాత ఊరికి వెళ్లి, పంచాయతీ కార్యాలయం ముందో, సంఘం మీటింగు రోజునో దాన్ని బిగ్గరగా చదివి వినిపించండి. ఎకరాల లెక్క తప్పుగా ఉంటే అక్కడే ఎవరో ఒకరు లేచి చెబుతారు. ఆ సవరణను తేదీతో రాసుకుని, వ్యాసంగా అచ్చుకు పంపే ముందు పట్టికలో మార్చండి.